మోత ఉంది, బొమ్మ లేదు

మోత వచ్చింది, బొమ్మ రాలేదు. టకా టక్, టకా టక్ అని మగ్గం ఆడుతోంది, దాని మీదుగా ఓబిలేష్ గొంతు "చూడు మేడమ్, అంచు కాడ దారపు నాడె ఇట్ల మళ్లల్ల, మళ్లకుంటే రెండు రంగులూ విడిపోతాయి" అని ధీమాగా పలుకుతోంది, కంప్యూటరు తెర మాత్రం పెనం అడుగులా నల్లగా ఉంది. చౌడేశ్వరి ఆ నలుపులోకి చూసింది. ఆమె వెనక నిలబడిన చేనేత సొసైటీ పెద్దలూ చూశారు. ఆ గాజులో వాళ్ల మొహాలే వాళ్లకు కనిపించాయి, నేస్తున్న మనిషి తప్ప. ముందుగా నవ్వినవాడు సొసైటీ కాగితాలు రాసే కుళ్లాయప్ప.

"ఇంగేం సాక్ష్యం కావల్లన్నా? గొంతు ఓబిలేషుది. నేసింది ఓబిలేషు. ఈమె తెచ్చిన సీడీనే చెప్తాండాది."

ప్రెసిడెంటు గంగాధరప్ప నవ్వలేదు. కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు, తప్పు కళ్లజోడుదేమో అన్నట్టు. "చూడమ్మా చౌడేశ్వరీ. ఎదురంగట్లో టీ తాగొస్తాం. ఆలోపల బొమ్మ వస్తే చూస్తాం. రాకుంటే మాత్రం, నువ్వు నేసేదానివని మేము కండ్లతో యాడ చూసినాం? నీ పేరు లేకనే సభ్యుల కాగితం అనంతపురం పోతాది. మళ్ల నన్ను అనొద్దు."

వాళ్లు రోడ్డు దాటిపోయారు. చౌడేశ్వరి కుర్చీలోంచి కదల్లేదు. సొసైటీలో ఒక్క సభ్యత్వమే ఖాళీగా ఉంది, దాని మీద కుళ్లాయప్ప బామ్మర్ది కన్ను ఉంది, అది దొరికితే పట్టు నూలు వస్తుంది, నూలు వస్తే మగ్గం ఆడుతుంది, దొరకకపోతే ఇంటికి తాళం వేసి బెంగుళూరు బస్సెక్కాలి, అక్కడ మెట్ల కింద వాచ్‌మన్ గదిలో మొగుడు ఓబిలేష్ పక్కన చాప పరుచుకుని తెల్లారి నాలుగిళ్ల గిన్నెలు తోమాలి. ఈ చేతులు. ఆమె చేతులు బల్ల మీద పెట్టుకుని చూసుకుంది, తర్వాత తెర వైపు చూసింది, నువ్వెట్ల చూపించవో నేనూ చూస్తా అన్నట్టు.

"తిప్పేశా, సీడీ చెడిపోయిందా?"

తిప్పేష్ ధర్మవరంలో ఆ వీధికి నెట్ సెంటరూ, ఎస్టీడీ బూతూ రెండూ తనే. పెళ్లీడుకొచ్చిన మనిషి, మాటకు ముందు మౌసు కదులుతుంది. "సీడీ బంగారట్ల ఉండాదక్కా. బొమ్మ లోపలే ఉండాది. ఫైలు పెద్దదవుతాదని ఆ వీడియో తీసిన మేడం దాన్ని మడతేసి పంపించింది. మోత మడత విప్పేది మన కంప్యూటర్లో ఉండాది, బొమ్మ మడత విప్పేది లేదు. కోడెక్ అంటారు దాన్ని."

"మగ్గం మీద జకార్డు ఉండాది, చిల్లుల అట్టలు లేవు. అట్లనా?"

తిప్పేష్ చెయ్యి ఆగింది. వాళ్ల నాయనా నేసినవాడే. "అదేనక్కా. దారాలన్నీ ఉండాయి, పువ్వు పడేది అట్టలుంటేనే గదా."

"యాడ దొరుకుతాయి ఆ అట్టలు?"

"నెట్‌లోనే. ఫోను లైను మీద దించుకోవల్ల. నిదానంగా వస్తాది, మధ్యలో లైను తెగిందంటే మళ్ల మొదట్నుంచి."

"దించు."

ఫోను డబ్బా కీచుమని అరిచి, గరగరమని, పిల్లి గొంతులో ముల్లు దిగినట్టు దగ్గి సర్దుకుంది. తెర మీద చిన్న కిటికీ తెరుచుకుంది. భూగోళం బొమ్మలోంచి కాగితాలు ఎగిరి వచ్చి అట్ట సంచిలో పడుతున్నాయి, ఒకటి, ఇంకొకటి, కింద నీలం గీత కండెకు దారం చుట్టుకున్నట్టు పోగుపోగుగా పెరుగుతోంది, అంత నెమ్మదిగా కండె చుట్టే పిల్లను మా నాయన అయితే చేతి మీద ఒకటి కొట్టి లేపేసి ఉండును అనుకుంది చౌడేశ్వరి, నాయన కొట్టడం నిజమే గానీ లేపడం ఎప్పుడూ పని సరిగా చేయనందుకు కాదు, లేపడం చీరలు కొనే సేటు వచ్చినప్పుడు. గోరంట్లలో ఇల్లు, ఇంట్లో నేలలోకి తవ్విన మగ్గం గుంత, గుంతలోకి కాళ్లు అందని వయసులోనే తొక్కుడు పలకల మీద ఇటుక కట్టి నేర్పినాడు నాయన, నీకు చెయ్యుంది బిడ్డా అన్నాడు, అన్న నోటితోనే బయట సేటు స్కూటరు మోత వినబడగానే లే లే అన్నాడు. ఆమె లేచింది. నాయన గుంతలోకి దిగి, ఆమె వెచ్చదనం ఇంకా ఆరని పీట మీద కూర్చుని, ఆమె నేసిన చీర మీద చెయ్యి ఆన్చి, రాండి సేటూ అన్నాడు. సేటు చీర చూశాడు, నాయన భుజం తట్టాడు. వంటింటి గడప వెనక నిలబడి ఆ పిల్ల తన భుజం తనే తట్టుకుంది, ఎవరూ చూడలేదు. నేసే ఇళ్లలో ఆ పద్ధతి ఎవరూ నేర్పక్కర్లేదు, ఆడపిల్ల కాళ్లకే అది తెలుసు, బయట బండి ఆగితే కాళ్లు గుంతలోంచి పైకి వస్తాయి, బావిలో బిందె మునగగానే చేద లాగినట్టు.

బయట బండి ఆగింది. చౌడేశ్వరి కాళ్లు కుర్చీ కింద కదిలాయి. చూస్తే ఎవరో పాల క్యాన్ల మోపెడ్. ఛీ అనుకుని కాళ్లు రెండూ నేలకు అదిమి పెట్టింది. ఎదురుగా టీ అంగట్లో పెద్దలు బెంచీ మీద వరసగా కూర్చున్నారు, కుళ్లాయప్ప చేతులు ఊపుతూ ఏదో చెబుతున్నాడు, బహుశా ఆమె గురించే, వాళ్ల వెనక కూడలిలో బత్తలపల్లె వైపు పల్లెల నుంచి దిగిన కూలీలు గంపలు బోర్లించి వాటి మీద కూర్చుని ఉన్నారు, వరసగా వానల్లేవు, శెనక్కాయ గింజ నేలలోనే మాడిపోయింది, పంట లేకపోతే పెళ్లి లేదు, పెళ్లి లేకపోతే పట్టు చీర లేదు, సేట్లు స్కూటర్లు తీయడం మానేశారు. ఇంత కరువులో నీకు సభ్యత్వమెందుకమ్మా, మగోళ్లకే పనిలేక బెంగుళూరు పోతాంటే అని పోయిన వారం కుళ్లాయప్ప అడిగాడు. మగోళ్లు పోతాండారు గదా, మిగిలిన మగ్గం నేసేదెవరు అని ఆమె అడిగింది. అయితే నేసి చూపించు అన్నాడు. ఎవరి మగ్గం మీద? ఆమె మగ్గానికి పడుగు లేదు, పడుగుకు నూలు కావాలి, నూలుకు సభ్యత్వం కావాలి. పక్కింటి మగ్గం అడగడానికి నోరు రాదు, అడిగినా ఎవరూ ఇవ్వరు, చెయ్యి మారితే బట్టలో చార పడుతుంది, పోగును బిగించే పన్నె దెబ్బ ఒకరిది ఇంకొకరికి రాదు, ఎండలో పట్టి చూస్తే తెలిసిపోతుంది. అది తెలిసే అడిగాడు కుళ్లాయప్ప. తెలిసి అడిగిన ఆ మాట మోసుకుని ఆమె ఇంటికి వచ్చి, బీరువాలో చీరల అడుగున ఉన్న సీడీ తీసింది.

చార. ఆ మాట మీద ఆమెకు నవ్వొచ్చింది. పెళ్లయి ధర్మవరం వచ్చాక కూడా స్కూటరు మోతకు లేవడం తప్పలేదు, నాయన స్థానంలో ఓబిలేష్ దిగేవాడు, అంతే తేడా. ఓబిలేష్ చెడ్డవాడని ఎవరన్నా అంటే ఆమె ఊరుకోదు. పడుగు అతకడంలో, అట్టలు కట్టడంలో, రంగు చెప్పడంలో అతన్ని మించిన మనిషి ఆ వీధిలో లేడు, మాటలో అయితే తాలూకాలోనే లేడు, సేటుకు చీర అమ్మేటప్పుడు అతని మాట వింటే ఆమెకే ఆ చీర కొనాలనిపించేది. కూర్చోలేడు, అంతే. గుంతలో కూర్చున్న కాసేపటికి నడుము నొప్పి, బీడీ, ఎవరో పిలిచారు. సేటు ముందర మాత్రం దిగి నాలుగు దెబ్బలు వేసేవాడు, ఆ నాలుగు దెబ్బలూ చీరలో చారగా కనిపించేవి, సేటు పోగానే ఆమె దిగి, మాట్లాడకుండా, ఆ నాలుగు పోగులూ విప్పి మళ్లీ నేసేది. ఇన్నేళ్లలో ఎన్ని చీరలు, ఎన్ని నాలుగు దెబ్బలు. ఒక్కటన్నా విప్పకుండా ఉంచి ఉంటే ఇదిగో ఇదీ నా మొగుని చెయ్యి, మిగతాదంతా నాది అని చూపించేదాన్నే గదా అని ఇప్పుడు తోచింది, తోచి కోపమొచ్చింది, చక్కగా నేసినందుకు తన మీద తనకే.

"అక్కా, సగం దాటింది," అన్నాడు తిప్పేష్.

సగం దాటితే మిగతా సగం బరువని ఆమెకు తెలుసు. ఈ సీడీ తీసేనాటికి కూడా చీర సగం దాటింది. అంచు ఎరుపు, ఒళ్లు మామిడాకు పచ్చ, హిందూపురం పెళ్లికూతురిది. ఓబిలేష్ సైకిలు మీద నుంచి పడి కుడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. మోచెయ్యి దాకా తెల్లటి కట్టు. ఆ వారమే ఆటో వచ్చి ఆగింది, బెంగుళూరులో డిజైను చదివే పద్మజ అనే అమ్మాయి, మెడలో చిన్న కెమెరా. చౌడేశ్వరి కాళ్లు అలవాటుగా పైకి లేచాయి. లేచి, ఆగాయి. గుంతలోకి దిగేదెవరు? ఓబిలేష్ గడపలో కట్టు చేత్తో నిలబడి ఉన్నాడు, ఆమెను చూశాడు, కట్టును చూసుకున్నాడు. ఆమె కాళ్లు మళ్లీ పలకల మీదికి దిగాయి. పుట్టి బుద్ధెరిగాక పరాయి మనిషి ముందర గుంతలోంచి లేవకపోవడం అదే మొదలు. ఒళ్లంతా ఏదోలా అయింది, చన్నీళ్లు పోసుకున్నట్టు, పన్నె దెబ్బ ఎక్కడ గతి తప్పుతుందో అని భయపడి మరింత గట్టిగా పట్టుకుని నేసింది. ఓబిలేష్ పక్కన నిలబడి చెప్పాడు. ఎంత చెప్పాడో. ఇట్ల మళ్లల్ల, అట్ల దిగల్ల, మా తాత కాలంలో ఇట్ల, మా నాయన కాలంలో అట్ల. ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. ఎట్లా మాట్లాడుతుంది, తెగిన పోగు కొన పెదాల మధ్య పట్టుకుని ఉంటే. నేసేవాళ్ల నోరు ఎప్పుడూ ఖాళీగా ఉండదు, పక్కన నిలబడినవాళ్ల నోరే ఖాళీగా ఉంటుంది. అందుకే సీడీలో మోత అంతా అతనిది. బొమ్మ మాత్రం ఆమెది. ఆ బొమ్మే ఇప్పుడు మడతలో ఉండిపోయింది, నల్లటి అద్దం వెనక, వంటింటి గడప వెనక.

"ఏమమ్మా, బొమ్మొచ్చెనా?" గుమ్మంలో కుళ్లాయప్ప. టీ గ్లాసు చేతిలోనే ఉంది. "రాకుంటే చెప్పు, రేడియో అనుకోని ఇంటాం."

"ఇను అన్నా. మంచి మగ్గం మోత నువ్వు ఇని శాన్నాళ్లయింటాది. మీ బామ్మర్దింట్లో కరెంటు మగ్గాల మోతే గదా."

తిప్పేష్ గబుక్కున తల వంచి కీబోర్డు మీద లేని దుమ్ము ఊదాడు. కుళ్లాయప్ప నవ్వు సగంలో ఆగింది. "నోరు మాత్రం మొగునిదే వచ్చిందే నీకి," అన్నాడు.

"చెయ్యి ఎవరిదో అదీ చూద్దువు గానీ. టీ సల్లారిపోతాది, పో."

అతను పోయాడు. నోరు అంత సులువుగా ఎట్లా కదిలిందో ఆమెకు ఆశ్చర్యం, పెదాల మధ్య పోగు లేకపోవడం వల్లేమో. గోడ గడియారం పన్నెండుకు చేరుతోంది. చిన్నముల్లు మీద బల్లి కూర్చుని ఉంది.

"అక్కా," అన్నాడు తిప్పేష్ మెల్లగా, "పన్నెండుకు మీ ఆయప్ప ఫోన్ చేస్తాడంటివే. ప్రెసిడెంటన్నతో మాట్లాడతాడని. లైను ఇడిచిపెట్టల్నా? ఇది నడుస్తాంటే ఫోను మోగదు."

అవును. అదొకటి ఉంది. ఎముక వంకరగా అతుక్కున్న చేత్తో ఓబిలేష్ బెంగుళూరు పోయి ఏడాది దాటింది, నెలకోసారి దుడ్లు పంపిస్తాడు, పండగకు వస్తాడు. మొన్న ఆమె ఈ బూతు నుంచే ఫోన్ చేసి అడిగింది, నేసింది నేనని నీ నోటితో ఒక్క మాట చెప్పు, నీ మాటంటే వాళ్లకు గురి. అటువైపు లిఫ్టు గేటు మూసిన చప్పుడు వినబడింది. తర్వాత అన్నాడు, "నా పెండ్లాం నేస్తాంటే పక్కన నిలబడి మాటలు చెప్పినానని పదిమందికీ నేనే చెప్పల్నా?" మళ్లీ అతనే, "చూస్తాలే. పన్నెండుకు చేస్తా" అన్నాడు. చూస్తాలే. ఆ మాటకు ఎంత బరువో ఆమె ఇప్పుడు తూచింది. లైను వదిలితే నీలం గీత పోతుంది. వదలకపోతే ఓబిలేష్ గొంతు రాదు. అతను నిజంగా చేస్తాడా? చేస్తే? చేసి, ఔను ప్రెసిడెంటన్నా మా ఆమే నేసింది అంటే? గంగాధరప్ప తల ఊపుతాడు, కుళ్లాయప్పేమో, పెండ్లాం మీద ప్రేమలే అని కన్ను గీటుతాడు, సభ్యత్వం వచ్చినా వస్తుంది, వచ్చి, జీవితాంతం అది ఓబిలేష్ మాట మీద వచ్చిన సభ్యత్వమవుతుంది. మళ్లీ మోత అతనిదే. మళ్లీ గుంతలోంచి ఆమె లేచి, అతను దిగి, రాండి సేటూ. కూర్చున్న చోటే కూర్చుని ఆమె ఒంట్లోంచి ఏదో లేచింది, భయం కాదని మాత్రం ఆమెకు తెలుసు, సేటు నాయన భుజం మీద తట్టినవన్నీ ఒక్కసారి వచ్చి తన భుజం మీద పడినట్టు.

"ఇడిచిపెట్టొద్దు," అంది.

"పాపం ఆయప్ప—"

"బొమ్మ రానీ తిప్పేశా. నా మాట నా చెయ్యి చెప్పనీ."

గడియారం పన్నెండు దాటింది. ఫోను మోగలేదు, మోగలేదు, మోగడానికి దారి లేదు. కాగితాలు ఎగురుతున్నాయి. ఒకసారి ఫ్యాను నెమ్మదించి, లైటు ఎర్రబడింది, తిప్పేష్ రెండు చేతులూ జోడించి పైకి చూశాడు, చౌడేశ్వరి పైకి చూడలేదు, నీలం గీతనే చూసింది, పోతే పోనీ మళ్లీ మొదట్నుంచి దించుతాడు, పోగు తెగితే మళ్లీ అతకలేదా, పడుగు మొత్తం ఎలుకలు కొరికిన ఏడాది పోగు పోగూ ముడేసి నిలబెట్టలేదా, ఈ రోజు కాకపోతే వచ్చే కాగితం, ఆ కాగితం కాకపోతే ఆ తర్వాతది, బెంగుళూరు బస్సు మాత్రం ఎక్కేది లేదు, అది మాత్రం అయిపోయింది, ఎప్పుడయిపోయిందో తెలియలేదు గానీ అయిపోయింది. ఫ్యాను మళ్లీ అందుకుంది. నీలం గీత గట్టు తాకింది.

తిప్పేష్ చకచకా నొక్కాడు. అవును, అవును, సరే. తర్వాత నాలుక కరుచుకున్నాడు. "కంప్యూటరు ఆపి మళ్ల వెయ్యల్లంటాది." తెర మళ్లీ నల్లబడింది. టీ అంగట్లో పెద్దలు లేచి పంచెలు దులుపుకుంటున్నారు. లోపల ఏదో గిర్రుమని తిరిగింది, తెల్లటి అక్షరాలు పరుగెత్తాయి, మబ్బుల బొమ్మ వచ్చి అక్కడే నిలబడిపోయింది, ధర్మవరం మీదికి రాని మబ్బులన్నీ ఈ డబ్బాలో ఉన్నాయి గాబోలు. పెద్దలు రోడ్డు దాటుతున్నారు. లారీ ఒకటి వాళ్లను ఆపింది. ఆ లారీకి ఆమె మనసులోనే దణ్ణం పెట్టింది. తిప్పేష్ సీడీ నొక్కాడు. టకా టక్. చూడు మేడమ్, అంచు కాడ.

బొమ్మ వచ్చింది.

తలకిందులుగా.

"అయ్యో!" తిప్పేష్ నెత్తి కొట్టుకున్నాడు. "సరైనది కాదక్కా ఇది. మడత విప్పింది గానీ తిరగేసి విప్పింది. ఇంగొకటి దించల్ల, మళ్ల అంతసేపు..."

చౌడేశ్వరి వినడం లేదు. గుంత పైన ఉంది, ఇంటి కప్పు కింద ఉంది, జకార్డు పెట్టె అడుగున వేలాడుతోంది, పచ్చ చీర ఆకాశంలో పరిచినట్టు ఉంది, దాని వెనక ఒక మనిషి తల కిందికి పెట్టి, పెదాల మధ్య ఎర్రటి పోగు పట్టుకుని, ఎవరినీ చూడకుండా నేస్తోంది. నాడె కుడి నుంచి ఎడమకు పోతే మోచెయ్యి ఎట్లా తిరుగుతుందో ఆమె ఇంతకుముందు చూడలేదు, తన చెయ్యిని ఎదురుగా నిలబడి ఎవరు చూసుకుంటారు? బాగుంది. ఆ చెయ్యి చాలా బాగుంది. మూలలో ఓబిలేష్, కప్పుకు కాళ్లు అంటించినట్టు నిలబడి, తెల్లటి కట్టు ఊపుతూ చెబుతున్నాడు.

పెద్దలు లోపలికి వచ్చారు. కుర్చీలో ఉన్న ఆడమనిషి లేచి పక్కకు జరగాల్సిన వేళ అది. గది కూడా ఒక్క క్షణం దాని కోసం ఆగింది. ఆమె కాళ్లు కదల్లేదు.

"ఇదేంది, గబ్బిలం మాదిరి?" అన్నాడు కుళ్లాయప్ప. "ఎవరో ఏమో ఎట్ల తెలుస్తాది? సరిగ్గా పెట్టు తిప్పేశా."

"కాసేపు టైమియ్యన్నా, ఇంగొక కోడెక్—"

"వద్దు, ఉండనీ," అంది చౌడేశ్వరి. "మగ్గం తిరగబడింది గానీ మనిషి మారలేదు గదా. తల వంచి చూడండన్నా. గుంతలోకి చూడల్లంటే ఎవరైనా వంగల్ల గదా."

టకా టక్. గంగాధరప్ప కళ్లజోడు సర్దుకున్నాడు, ఒక చెయ్యి బల్ల మీద ఆన్చాడు, నడుము వంచి, మెడ పక్కకు వాల్చి, ఇంకా వాల్చి, తెల్లటి తల దాదాపు కీబోర్డుకు ఆనేలా పెట్టాడు. ఆయన వంగాక మిగిలినవాళ్లు నిటారుగా నిలబడలేకపోయారు. ఒకరి వెనక ఒకరు మెడలు తిప్పారు. అందరికంటే ఆఖరుగా కుళ్లాయప్ప, గ్లాసులో అడుగున మిగిలిన టీ చొక్కా మీద ఒలకబోసుకుంటూ.

గంగాధరప్ప అట్లాగే వంగి చాలాసేపు చూశాడు. ఆయనా గుంతలో కూర్చున్నవాడే ఒకప్పుడు. "అంచు కాడ చూడండ్రా," అన్నాడు మెల్లగా, ఎవరితోనూ కాకుండా. "పోగు నోట్లోనే ఉండాది, చెయ్యి ఆగలేదు." తర్వాత నడుము పట్టుకుని లేచాడు, మెడ రుద్దుకున్నాడు. "కుళ్లాయప్పా, ఈమె పేరు రాసి పంపించు."

"ఓబిలేషు భార్య అని రాయల్నా?"

"పేరు రాయమంటి," అన్నాడు గంగాధరప్ప.

అప్పుడు మోగింది ఫోను. తిప్పేష్ ఎత్తాడు, విన్నాడు, రిసీవరు అరచేత్తో మూసి చౌడేశ్వరి వైపు తిరిగాడు. "మీ ఆయప్పక్కా. పన్నెండు నుంచి చేస్తానే ఉండాడంట, లైను దొరకలేదంట. ప్రెసిడెంటన్నకు ఇయ్యమంటాడు, చెప్పల్లంట."

చేశాడు. తెర మీద తలకిందుల మనిషి నాడెను ఎడమ చేతికి అందుకుని, ఆగకుండా, మళ్లీ విసిరింది.

"చెప్పు తిప్పేశా," అంది చౌడేశ్వరి, ఆ చెయ్యి మీద నుంచి చూపు తిప్పకుండా. "మీ ఆమె మగ్గంలో ఉండాది, ఇప్పుడు లేయదంట అని చెప్పు."